రేడియో జాడీలో మంచినీళ్లు

ఈ కాలం పిల్లలకు రేడియో అంటే చంకలో పెట్టుకుని తిరిగే డబ్బా. బొడిపె తిప్పగానే పాట రావాలి. రాకపోతే దాని నెత్తిన రెండు మొట్టికాయలు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే జహంగీరు సాయిబు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. ఆయనే ఉండి ఉంటే వాళ్లను తిట్టేవాడు కాదు. ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని, దానికి దెబ్బ తగిలిందేమోనని చూసేవాడు.

నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. బజారులో నాది కుట్టుమిషను కొట్టు, దానికి సరిగ్గా ఎదురుగా సాయిబు గ్యాసులైట్ల దుకాణం. పెళ్లిళ్లకు, ఉరుసులకు, చర్చి పండగలకు ఆయన లైట్లే వెళ్లాలి. అంతకుముందు ఆయన రైల్వేలో, పెట్టెల కింద తిరిగే డైనమోలు చూసేవాడట. ఒకరోజు బెల్టు కింద ఎడమచెయ్యి పడి వేళ్లు నలిగిపోయాయి. పని మానుకుని ఊరికి వచ్చేశాడు. మనిషి పొట్టి, నడక నెమ్మది, మాట ఇంకా నెమ్మది. గ్యాసులైటులో వెలిగే వలగుడ్డ, మాంటిలు, ఊదితే రాలిపోతుంది కదా, అలాంటివాటితో బతికి బతికి ఆయన మనుషులతో కూడా అట్లాగే మెసిలేవాడు. నాకేమో కోపం, తొందర ముక్కు మీదే ఉంటాయి. ఆయన ఒక లైటు వెలిగించేలోపు నేను ఒక చొక్కాకు చేతులు కుట్టేసేవాణ్ణి, దానికి తోడు నాలుగు మాటలు విసిరేవాణ్ణి.

దొనకొండ రైల్వే కాలనీలో ఒక డ్రైవరు దొర ఊరు వదిలి వెళ్తూ సాయిబుకు ఒక రేడియో ఇచ్చి పోయాడు. ఎర్ర చెక్కపెట్టె, ముందు గుడ్డతెర, లోపల వరసగా గాజుబుడ్లు. వాటిని వాల్వులు అనేవాళ్లు. ఒక్కో బుడ్డిలో వెంట్రుకంత తీగె ఉంటుంది. అది ఎర్రగా కాగితేనే రేడియో పలుకుతుంది. మా బజారులో అప్పటికి కరెంటు ఎక్కడిది? పక్క సందులో లింగయ్య శెట్టి వేరుశనగ నూనె మిల్లు ఉండేది. సాయంత్రం మిల్లు ఇంజను మీద డైనమో తిప్పి ఆయన మిల్లుకు దీపాలు పెట్టుకునేవాడు. ఆ డైనమోను సాయిబు బాగుచేసి ఇచ్చినందుకు శెట్టి ఆయన దుకాణానికి ఒక తీగె లాగించాడు.

రేడియో వచ్చిన కొత్తలో చూడాలి మా సంబరం. బజారంతా అక్కడే. కానీ వాల్వు నిలిచేది కాదు. ఒకటి పోయింది, మద్రాసు నుంచి తెప్పించాడు. మళ్లీ పోయింది. సాయిబు రెండురోజులు దుకాణం ముందు ముక్కాలిపీట మీద కూర్చుని గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. మూడోరోజు నా కొట్టుకు వచ్చి చెప్పాడు.

"మల్లయ్యా, రైల్లో దీపాలు వెలుగుతా వెలుగుతా పోవడం నేను చూడలేదు. ఎప్పుడు పోయినా మీట ఏసిన క్షణంలోనే పోయేటివి. ఇదీ అంతే. తీగె చల్లగా ఉన్నప్పుడు దానికి ఆపుకునే శక్తి లేదు, కరెంటంతా ఒక్కసారే మింగుతాది. కాగినాక తనే నిదానిస్తాది."

"అయితే ఏం చేస్తావు సాయిబన్నా? దానికి బుద్ధి చెబుతావా?" అన్నాను.

"రోజా ఇడిచేటప్పుడు మేమేం చేస్తాం? పొద్దంతా ఎండిన కడుపులో బిర్యానీ కుమ్ముతామా? ముందు ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్లు. ఆ తర్వాతనే అన్నం. దీనికీ అట్లనే పెట్టాల."

అలా పుట్టింది జాడీ. ఆయన భార్య సైదాబీ వదిన మామిడికాయ ఊరవేసే జాడీని ఆయన కాజేశాడు. అందులో నీళ్లు. అడుగున ఒక ఇనపరేకు, పైనుంచి నూలుతాడుకు వేలాడే ఇంకో రేకు. మిల్లు నుంచి వచ్చే కరెంటు ఆ నీళ్లలోంచి ఈదుకుంటూ రేడియోకు పోవాలి. పైరేకు పైపైన ఉంటే నీళ్లు కరెంటును ఎక్కువగా అడ్డుకుంటాయి, వాల్వులకు బొట్లుబొట్లుగా అందుతుంది. తాడు వదిలేకొద్దీ రేకు దిగుతుంది, అడ్డు తగ్గుతుంది. రేడియో ముఖాన చిన్న దీపం ఒకటి ఉండేది. అది నలుపులోంచి ఎర్రగా, ఎర్రలోంచి పసుపుగా మారేదాకా ఆయన తాడు వదులుతూ కూర్చునేవాడు. వాల్వులన్నీ కాగాక ఒక మీట వేసి జాడీని పక్కకు తప్పించేవాడు. ఈ తంతు చూసి బజారులో అందరూ "సాయిబు రేడియోకు రోజా ఇడిపిస్తుండాడు" అని నవ్వేవాళ్లు. కానీ ఆ తర్వాత చాన్నాళ్లు ఒక్క వాల్వు కూడా పోలేదు.

నాకు ఒళ్లుమండేది ఒకే విషయంలో. ఆ జాడీలో ఆయన మంచినీళ్లే పోసేవాడు. మా ఊళ్లో ఏ పెరట్లో తవ్వినా ఉప్పునీళ్లే. స్నానానికి, అంట్లకు అవి. తాగే నీళ్లకు ఊరి బయట మంచినీళ్ల బావికి పోవాలి, ఎండాకాలం అక్కడ కడవ నిండాలంటే జుట్లు పట్టుకోవాలి. అలాంటి నీళ్లు యంత్రానికా? అడిగితే నవ్వాడు. "ఉప్పునీళ్లలో కరెంటు ఉరుకుతాది మల్లయ్యా. మంచినీళ్లలో నడుస్తాది. నాకు నడిచేది కావాల." నేను ఇంకా సణుగుతూనే ఉన్నాను, ఆయన జాడీ నింపుకుంటూనే ఉన్నాడు.

ఆ జాడీకి మూత పలకరాయి. మా ఊరి చుట్టూ పలకల గనులే కదా. చుట్టూ గుండ్రంగా చెక్కి, నడుమ తాడుకు బెజ్జం పెట్టి ఆ మూత తెచ్చిచ్చింది సౌభాగ్యమ్మ. గనుల దగ్గరి క్రైస్తవుల పాలెం ఆమెది. రాతిని పొరలు పొరలుగా విడదీసి బడిపిల్లల పలకలకు సిద్ధం చేసే పని. ఎండకు మాడి, రాతిపొడి పట్టి, ఆమె చేతులు ఆ రాయి రంగులోనే ఉండేవి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు నతానియేలు గనిలో పని మానేసి పట్టాళంలో చేరాడు, లారీ తోలడం నేర్చుకుని సముద్రాలు దాటి పోయాడు. ఆమెకు చదువు రాదు, వాడికీ అంతంతమాత్రమే. వాడి కబురు తెలిసి ఏడాది దాటిపోయింది.

అప్పుడు రాచర్లకు సెలవు మీద వచ్చిన ఆశీర్వాదం అనే సిపాయి పాలెం మీదుగా పోతూ ఆమెకు ఒక మాట చెప్పాడు. యుద్ధం జరిగేచోట సిపాయిలను ఒక మిషను ముందు నిలబెట్టి ఇంటివాళ్లతో మాట్లాడమంటారట. ఆ మాటలు గ్రామఫోను ప్లేటు మీద ఎక్కించి మద్రాసుకు పంపుతారట. ఆదివారం సాయంత్రాలు రేడియోలో వేస్తారట. నతానియేలు తన ముందే నిలబడి మాట్లాడాడట. ఏ ఆదివారం వేస్తారో మాత్రం ఆ దేవుడికే తెలియాలి.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం చర్చి ప్రార్థన కాగానే సౌభాగ్యమ్మ బజారుకు వచ్చేది. దుకాణం అరుగు ఎక్కేది కాదు. మెట్టు పక్కన నేల మీద కూర్చునేది. సాయిబు "పైకి రా చెల్లెమ్మా, ఈడికి బాగా ఇనపడతాది" అంటే "ఈడనే బాగుండాది అన్నా" అనేది. ఎవరెవరో తల్లులను పలకరించేవాళ్లు, ఏవేవో ఊళ్ల పేర్లు వచ్చేవి. అరవం, కన్నడం, మన భాష. ప్రతి గొంతు మొదలైనప్పుడల్లా ఆమె మెడ నిక్కేది. కాదని తెలిశాక తల దించుకునేది. చూడలేక నేను మిషను తొక్కుతున్నట్టు నటించేవాణ్ణి, సూదిలో దారం కూడా ఉండేది కాదు.

యుద్ధం ముదిరేసరికి వాల్వులు దొరకడం మానేశాయి. మద్రాసుకు రాసినా లేవన్నారు. రేడియోలో ఉన్నవే ఉన్నాయి, ఒకటి పోతే రేడియో మూగదే. సౌభాగ్యమ్మ కొడుకు గొంతు ఒక్కసారే వస్తుంది, మళ్లీ వేయరు. అందుకని సాయిబు మిగతా రోజులు రేడియో ముట్టుకోవడమే మానేశాడు. మాకు పాటలు పోయాయి, కచేరీలు పోయాయి. నేను గొడవ పెట్టుకున్నాను కూడా. "ఆ తల్లి ఇనేదాకా ఆగు మల్లయ్యా" అన్నాడు. మిషను దగ్గరికి పోయి కూర్చున్నాను.

మండువేసవిలో ఒక ఆదివారం సాయిబు త్రిపురాంతకంలో పెళ్లికి లైట్లు పట్టుకుని పోయాడు. సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. ఎండకు జాడీలో నీళ్లు అడుగంటాయి. సౌభాగ్యమ్మ వచ్చి, అరుగు అంచున ఉన్న జాడీలోకి కిందనుంచే చూసి, దుకాణం వెనక ఇంట్లో జ్వరంతో పడుకున్న సైదాబీని కేకేసింది.

"వదినా, జాడీలో నీళ్లు లేవు. అన్న వచ్చేతలికి ఆలస్యమైతాది గదా."

"కాసిని పోసిపెట్టు చెల్లే" అంది సైదాబీ, దుప్పటిలోంచే.

నేను ఎదురుగానే ఉన్నాను. పంజాబీ చొక్కా మెడ కత్తిరిస్తూ తల దించుకుని ఉన్నాను. ఆమె సందులోంచి వాళ్ల పెరట్లోకి పోవడం, జాడీ నింపుకుని రావడం కనపడింది, అందులో వింతేమీ తోచలేదు.

సాయిబు చెమటలు కక్కుకుంటూ బండి దిగేసరికి మిల్లు ఇంజను దడదడలాడుతోంది. కార్యక్రమం మొదలయ్యే వేళ. గబగబా కాళ్లు కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే రేకు కొస మాత్రం నీళ్లకు తగిలించాడు. రేడియో ముఖాన దీపం ఎర్రబడలేదు, పసుపు కాలేదు. ఒక్కసారిగా తెల్లగా మెరిసి ఆరిపోయింది. లోపల టిక్కుమని సన్నటి చప్పుడు. అంతే.

సాయిబు జాడీలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

"ఈ నీళ్లు ఎవరు పోసింది?"

"నేనే అన్నా. పెరటి బాయిలోయి" అంది సౌభాగ్యమ్మ. ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

సైదాబీ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. "నేను కుండలో నీళ్లు పోస్తావనుకుంటినే చెల్లే! కుండ వాకిట్లోనే ఉండాది గదా!"

"మీ తాగే కుండ నేను ముట్టుకుంటానా వదినా?"

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు, కోపంగా అనలేదు. రాయి నల్లగా ఉంటుందన్నంత మామూలుగా అంది. మంచినీళ్ల బావిలో చేద వేసే హక్కు ఆమె పాలెం వాళ్లకు లేదు. ఎవరైనా తోడి పైనుంచి పోస్తే కడవలో పట్టుకోవాలి, లేకపోతే లేదు. ఆ బావి దగ్గర నిలబడీ నిలబడీ ఆమెకు ఒకటే తెలుసు, మంచినీళ్లు ఉన్న చోట చెయ్యి పెట్టకూడదని. తాగడానికే కరువైన నీళ్లను ఒక యంత్రానికి పోస్తారని ఆమె కలలోనైనా అనుకోలేదు. మాలో ఎవరమైనా ఆమెకు చెబితే కదా? రేడియో పోయినందుకు కాదు, ఆ కుండ మాటకు నేను చేతిలో పని పక్కన పడేశాను. మా ఊరి బావిని ఆరోజు తిట్టుకున్నంతగా నేను ఎవరినీ తిట్టుకోలేదు.

సంగతి తెలిశాక ఆమె కొంగు నోట్లో కుక్కుకుని పాలెం దారి పట్టింది. ఆ సాయంత్రం నతానియేలు మాట్లాడాడో లేదో ఎవరికి తెలుసు? సాయిబుకూ అదే బెంగ. అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచాడని సైదాబీ చెప్పింది.

ఆ వారమంతా ఆయన రేడియో విప్పుకుని కూర్చున్నాడు. గురువారం మధ్యాహ్నం నన్ను పిలిచాడు. మనిషి మొహంలో కొంచెం కళ కనపడింది.

"పోయిన వాల్వు ఏదో తెలుసునా? అటూ ఇటూ ఊగే కరెంటును ఒకే దారిన పెట్టేది. పట్నాల్లో ఊగే కరెంటు వస్తాది, ఆడ అది లేకపోతే జరగదు. మన మిల్లు డైనమో ఇచ్చేదే ఒకే దారిన పోయే కరెంటు. ఆ వాల్వుతో మనకు పనే లేదు!"

"పని లేకపోతే మరి రేడియో ఎందుకు పలకడంలే?"

"దారానికి పూసలు గుచ్చినట్ల వాల్వుల తీగెలన్నీ ఒకే వరసలో ఉండాయి. నడుమ ఒకటి తెగితే అన్నిటికీ తెగినట్టే. ఆ తెగిన చోట ఏదన్నా పెట్టి అతకాల."

అతకడానికి ఆయన పెట్టింది ఆ జాడీనే. చచ్చిపోయిన వాల్వు జాగాలో నీళ్ల జాడీ! ఇదివరకు వాల్వులు కాగగానే జాడీని తప్పించేవాడు, ఇప్పుడు తప్పించే వీల్లేదు. రేడియో పలికినంతసేపూ కరెంటు నీళ్లలోంచే పోవాలి. పోయేకొద్దీ నీళ్లు వేడెక్కుతాయి, వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గుతుంది. కాబట్టి ఎవరో ఒకరు తాడు పట్టుకుని, దీపం తెల్లబడబోతుంటే రేకును రవ్వంత పైకి లాగుతూ ఉండాలి. ఎక్కువ లాగితే గొంతు ఆగిపోతుంది. లాగకపోతే మిగిలిన వాల్వులు కూడా పోతాయి. సాయిబుకు ఉన్న ఒక్క మంచి చెయ్యి స్టేషను బొడిపె మీద ఉండాలి, పట్టిన స్టేషను జారిపోతూ ఉండేది.

"తాడు నేను పట్టుకుంటా" అన్నాను.

"నీ చెయ్యి మిషను చక్రం మీద బాగుంటాది. తాడు మీద వద్దులే" అన్నాడు. కోపం వచ్చింది గానీ నిజమే చెప్పాడు.

ఆదివారం సౌభాగ్యమ్మ రాలేదు. సాయిబు స్వయంగా పాలెం పోయి పిల్చుకొచ్చాడు. ఆమె మెట్టు దగ్గరే ఆగిపోయింది. సైదాబీ ఖాళీ జాడీ, ఇత్తడి చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"కుండ ఆడుండాది. నువ్వే ముంచి పొయ్యి."

"వదినా, నా చేత కాదు."

"నీ చేత్తో పోస్తేనే నీ కొడుకు మాట్లాడతాడు. మళ్లా తప్పు నీళ్లు పడితే మాయన అన్నం తినడు, నేను సావాల" అంది సైదాబీ. జ్వరం తగ్గి గొంతు బాగా లేచింది.

సౌభాగ్యమ్మ అరుగు ఎక్కింది. కుండ మూత తీసి చాలాసేపు నీళ్లలోకి చూసింది. చెంబు ముంచింది. బజారులో ఒకరిద్దరు గొణిగారు. నేను కత్తెర పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను, గొణుగుడు ఆగింది. జాడీ నిండాక సాయిబు ఆమె చేతికి తాడు ఇచ్చాడు.

"పొరలు తీసేటప్పుడు రాయి పగలకుండా ఎంత మెల్లిగా కొడతావో, అంత మెల్లిగా. దీపాన్ని చూడు, అంతే."

నాకు నమ్మకం లేదు. కానీ ఆమె తాడు పట్టిన తీరు చూసి దగ్గరికి జరిగాను. దీపం ఎర్రబడింది, పసుపుపచ్చగా తిరిగింది, అక్కడే నిలిచింది. రేడియో పలికింది. ఆ ఆదివారం ఎవరెవరో మాట్లాడారు, నతానియేలు రాలేదు. పోయిన వారమే అయిపోయిందని అందరం లోపల అనుకున్నాం, ఎవరం పైకి అనలేదు. ఆమె మాత్రం "మళ్ల వారం వస్తా అన్నా" అని వెళ్లింది.

మళ్లీ వారం ఆమె అన్నట్టే వచ్చింది. జాడీ నింపింది. తాడు పట్టుకుంది. ఇద్దరు ముగ్గురు అయ్యాక రేడియోలో "కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా" అన్నారు. నా చేతిలోంచి కత్తెర కింద పడింది.

"అమ్మా, నేను నతానియేలును" అంది రేడియో.

సౌభాగ్యమ్మ కదలలేదు. కదిలితే రేకు కదులుతుంది, రేకు కదిలితే గొంతు పోతుంది. ఆమె కళ్లు దీపం మీదే ఉన్నాయి, వాటిలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సైదాబీ పక్కన కూర్చుని తన పైటకొంగుతో ఆమె కళ్లు తుడుస్తూ ఉంది, ఆమెకు దీపం మసకబారకుండా.

"నేను బాగుండా. కాలికి దెబ్బ తగిలినాది, మానిపోయినాది. ఈడ చలి శానా. రోజూ రొట్టెలే పెడతారు, సంగటి తినాలని ఉండాది. మా గుడారాల కాడ కొళాయి ఉండాది అమ్మా. అందరం ఒక్క కొళాయి కాడనే పట్టుకుంటాం, ఎవురూ ఏమనరు. నీళ్లు తియ్యగుంటాయి. నువ్వు ఎండకు పోబాక, పోతే నెత్తిన గుడ్డేసుకో. ఉంటా అమ్మా."

అంతే. మాట్లాడినంతసేపట్లో దీపం ఒకసారి తెల్లబడబోయింది, ఆమె వేళ్లు తాడును గింజంత పైకి తీశాయి. కొడుకు గొంతు ఎక్కడా వణకలేదు, తెగలేదు. నేను సిగ్గు విడిచి ఏడ్చాను, బజారులో ఏడవనివాళ్లు లేరు. సాయిబు బొడిపె మీదనుంచి చెయ్యి తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

రేడియోలో ఇంకెవరో సిపాయి మొదలుపెట్టాడు. ఆదోనో, అనంతపురమో, వాళ్లమ్మను పిలుస్తున్నాడు.

"ఇంగ ఇడిచిపెట్టు చెల్లెమ్మా" అన్నాడు సాయిబు మెల్లగా. "నీ కొడుకుది అయిపోయినాది. చెయ్యి నొప్పి పుడతాది."

సౌభాగ్యమ్మ దీపం మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఇంగా పిల్లోళ్లు మాట్లాడుతుండారు గదన్నా" అంది. "వాళ్లమ్మలు యాడన్నో ఇంటుంటారు."

ఆమె ఇక్కడ తాడు వదిలితే ఆదోనిలో రేడియో ఆగిపోదని చెప్పడానికి సాయిబు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. బొడిపె మీద చెయ్యి పెట్టి, జారిపోతున్న స్టేషనును సరిచేశాడు. మిల్లు ఇంజను ఆగేదాకా ఆమె తాడు వదల్లేదు.